సంతకం నువ్వు పెట్టవు తమ్ముడూ

నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. మన విశాఖలో మధురవాడ నుంచి వస్తుంటే మద్దిలపాలెం దగ్గర పోలీసులు బండి ఆపారు, నీకు హెల్మెట్ ఉంది, వెనక కూర్చున్న మీ ఆవిడకి లేదు, 1,035 రూపాయలు చలానా రాసి లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్ అవుతుందన్నారు. నీ మంటేంటంటే తల మాది, పోతే మేం పోతాం, సిగరెట్లు అమ్ముకోనిచ్చే గవర్నమెంటుకి నా పెళ్ళాం తల మీద ఇంత ప్రేమేంటి, కారులో వెనక సీటు బెల్టు కూడా ఇదే కథ కదా, పెద్దవాళ్ళం, మా బాధ్యత మాకు తెలీదా అని. తేడా ఉంటే దిద్దు.

నేను లాయర్ని కాదు, పోలీసుని అసలే కాదు. ఫిజియోథెరపిస్టుని. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళోనే పని, మొదట్లో ఒక ఆస్పత్రి న్యూరో వార్డులో చేశాను, తర్వాత నుంచి ఇళ్ళకి వెళ్ళి చేయిస్తున్నాను. వయసులో చిన్నవాడివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు.

నీ వాదన మొత్తంలో నాకు పేచీ ఉన్నది ఒక్క మాట దగ్గరే, "పోతే మేం పోతాం" అన్నావు చూడు, అక్కడ. మోటుగా చెప్తున్నానని తెలుసు కానీ, పోయినవాళ్ళ ఇంటికి నన్ను ఎవరూ పిలవరు. పోకుండా మిగిలినవాళ్ళ ఇళ్ళకే పిలుస్తారు. ఈ లెక్కలు మాట్లాడేవాళ్ళందరూ బతకడం, చావడం అని రెండే ఉన్నట్టు మాట్లాడతారు, మధ్యలో ఇంకొకటి ఉందని ఆ ఇళ్ళలోవాళ్ళకి, మాలాంటివాళ్ళకి తప్ప ఎవరికీ పట్టదు.

గాజువాక దగ్గర ఒక ఇల్లు చెప్తాను, పేరూ వీధీ వద్దు. కుర్రాడికి అప్పుడు ముప్పై ఒకటి, వెల్డింగ్ పని. రాత్రి తొమ్మిదికి పాల ప్యాకెట్ కోసం సర్వీసు రోడ్డు మీద వెళ్ళాడు. హెల్మెట్ టీవీ పక్కన మేకుకి వేలాడుతోంది, ఇప్పటికీ అక్కడే ఉంది, ఎవరూ తీయరు. కుక్క అడ్డం వచ్చింది. బండికి ఇండికేటర్ ఒకటి పగిలింది అంతే, ఇతనికి మాత్రం తల ఎడమపక్క డివైడర్ అంచుకి తగిలింది. లోపల వాపుకి చోటు కావాలని పుర్రె ముక్క తీసి, దాన్ని కడుపు చర్మం కింద కొన్ని నెలలు దాచి, తర్వాత మళ్ళీ అతికించారు (నిజంగానే ఇలా చేస్తారు, చాలామందికి తెలీదు). ఇప్పుడు నాలుగో ఏడు. నడుస్తాడు, కుడికాలు ఈడుస్తూ. కుడి పిడికిలి బిగుసుకుపోయి ఉంటుంది, నేను వెళ్ళగానే ముందు బొటనవేలు మెల్లిగా విప్పి తర్వాత ఒక్కో వేలూ విప్పుతాను, లోపల అరచెయ్యి చెమట పట్టి వాసన వేస్తుంటే వాళ్ళావిడ తడిగుడ్డతో తుడిచి పౌడరు వేస్తుంది. మాట వచ్చింది కానీ మాటలు తారుమారు అవుతాయి, పెళ్ళాన్ని "అక్కా" అని పిలుస్తాడు. ఎవరో తెలుసు, పేరే రాదు. కోపం వస్తే కంచం విసిరేస్తాడు, ఒకప్పుడు గట్టిగా మాట్లాడి ఎరగని మనిషట. కూతురికి ఇప్పుడు ఆరేళ్ళు, నాన్న ఆ గదిలోకి రాగానే హోంవర్క్ పుస్తకం సర్దుకుని వంటింట్లోకి వెళ్ళిపోతుంది, భయపడినట్టు కూడా కనిపించదు, అలవాటు అంతే.

ఆ రాత్రి ఆపరేషన్ కాగితాల మీద సంతకం పెట్టింది ఆ అమ్మాయి. బతికినా మామూలుగా ఉంటాడని చెప్పలేం అని డాక్టర్లు చెప్పాక, పుస్తెలతాడు తాకట్టు పెట్టడానికి మామగారు బయల్దేరాక, తెల్లారి మూడింటికి. ఇప్పుడు పొద్దున్న అయిదింటికి టిఫిన్ సెంటర్‌లో పిండి రుబ్బడానికి వెళ్తోంది. హెల్మెట్ వద్దనుకున్నది అతను. తన ఇష్టం అంటావు నువ్వు. సరే, ఆ ఇష్టం ఎన్నుకున్న మనిషి ఇప్పుడు ఏడీ? ఇంట్లో ఉన్నది వేరే మనిషి తమ్ముడూ, అతనికి ఆ రాత్రి గుర్తు కూడా లేదు. సిగరెట్ సంగతి అడిగావు కదా, నా జవాబు అదే. సిగరెట్ నిన్ను తినడానికి పాతికేళ్ళు ముప్పై ఏళ్ళు పడుతుంది, రోజూ పొద్దున్నే మానేసే అవకాశం ఒకటి ఇస్తూనే ఉంటుంది, చివరికి ఎక్కువగా బాధపడేది కూడా తాగినవాడే. తలకి దెబ్బ అర సెకను. ఆ తర్వాత "తప్పు చేశాను" అనుకోవడానికైనా అనుకునే వస్తువు లోపల సరిగ్గా ఉండాలి కదా.

మెదడు అంటే గట్టిగా ఏదో ఉంటుందనుకుంటాం. జున్నులా ఉంటుంది, గిన్నెలో నీళ్ళ మధ్య జున్ను ముక్క తేలుతున్నట్టు ఊహించుకో. గిన్నె ఒక్కసారి ఆగినా జున్ను ఆగదు. 40 స్పీడులో వెళ్ళి తల దేనికైనా కొట్టుకోవడం అంటే లెక్క ప్రకారం సుమారు ఆరు మీటర్ల పైనుంచి, అంటే రెండంతస్తుల మేడ మీంచి పడి కొట్టుకోవడంతో సమానం. బండి ఆగి ఉండగా పక్కకి ఒరిగి పడినా తల నేలకి తాకేసరికి వేగం దాదాపు 20 ఉంటుంది. అందుకే "పక్క వీధికే కదా" అన్న మాట నా చెవికి పడదు. హెల్మెట్ పనంతా లోపల ఉన్న థర్మోకోల్ లాంటి పొరదే, అది నలిగిపోతూ ఆ దెబ్బని కాస్త సాగదీస్తుంది, తల ఆగే సమయాన్ని కొన్ని మిల్లీసెకన్లు పెంచుతుంది. పెంచేది అంతే, కానీ ఆ అంతలోనే తేడా. ప్రపంచం మొత్తం మీద జరిగిన పరిశీలనలన్నీ పోగుచేసి 2008లో కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్ళు తేల్చింది ఏంటంటే హెల్మెట్ వల్ల చావు ముప్పు 42 శాతం, తల గాయం ముప్పు 69 శాతం తగ్గుతుంది. నూటికి నూరు కాదు, గమనించు. పోర్టు లారీ చక్రం కింద పడితే ఏ హెల్మెట్టూ ఏమీ చేయలేదు. మన దేశంలో 2022లో రోడ్డు మీద పోయినవాళ్ళు 1,68,491 మంది అని కేంద్రం లెక్క, అందులో 50,029 మందికి హెల్మెట్ లేదు, వీళ్ళలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు, అంటే మీ ఆవిడ కూర్చున్న చోట. వాళ్ళంతా హెల్మెట్ పెట్టుకుంటే బతికేవారని నేను అనను, కొంతమంది బతికేవారు, ఇంకొంతమంది నా పేషెంట్లు అయ్యేవారు కాదు.

ఇక బాధ్యత. నాకు ఈ మాటంటే గౌరవమే. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం 2000లో ఒక పని చేసింది, 21 ఏళ్ళు దాటినవాళ్ళు హెల్మెట్ లేకుండా నడుపుకోవచ్చు, కాకపోతే 10,000 డాలర్ల వైద్య బీమా ఉండాలి అంది. నీ వాదనకి ఇంతకంటే దగ్గరగా వచ్చిన చట్టం నాకు తెలీదు: స్వేచ్ఛ తీసుకో, ఖర్చు నువ్వే భరించు అని. ఆ తర్వాత అక్కడ హెల్మెట్లు తగ్గాయి, చావులు పెరిగాయి. అదలా ఉంచి, ఖర్చు నేనే భరిస్తాను అనేవాళ్ళు ముందు తమ బండి పాలసీ తీసి చూసుకోవాలి. నీ పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటే అది ఓనరు కమ్ డ్రైవరుకి, అంటే నీకు. వెనక మీ ఆవిడకి అదనంగా డబ్బు కట్టి తీసుకుంటే తప్ప అందులో చోటు లేదు. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ వెనక ఊరికే కూర్చున్న మనిషికి వర్తించదని సుప్రీం కోర్టు 2006లోనే చెప్పేసింది. నీది ఆ ఉత్త పాలసీయే అయితే, నువ్వు గుంటలో పడి ఆవిడ జారిపోతే ఆవిడ తలకి బీమా సున్నా అన్నమాట. నీ పాలసీ కాగితం నేను చూడలేదు, నువ్వే ఒకసారి చూడు, చూశాక మళ్ళీ "మా బాధ్యత మాకు తెలుసు" అని రాయగలిగితే రాయి.

గవర్నమెంటుకి ఎందుకు ఈ గోల అంటే ఇందుకే కొంత. 2025లో రోడ్డు ప్రమాద బాధితులకి లక్షన్నర రూపాయల వరకు ఏడు రోజులు క్యాష్‌లెస్ వైద్యం తెచ్చారు, మంచి పనే. ఆ డబ్బు నీదీ నాదీ. కానీ ఎనిమిదో రోజు నుంచే నాలాంటివాళ్ళ అవసరం మొదలవుతుంది, ముక్కు పైపు, యూరిన్ బ్యాగు, వీపు మీద పుండ్లు పడకుండా ఎయిర్ బెడ్, రెండు గంటలకోసారి ఒత్తిగిల్లించడానికి ఒక మనిషి. ఆ మనిషి ఎప్పుడూ ఇంట్లో ఆడమనిషే, ఎందుకో నేను చెప్పక్కర్లేదు.

సీటు బెల్టు దగ్గరికొస్తే నీ వాదన ఇంకా పలచబడిపోతుంది, ఎందుకంటే అక్కడ "నా ప్రాణం నా ఇష్టం" అన్న మాటే నిలబడదు. శ్రీకాకుళం వైపు పెళ్ళికి వెళ్ళి తిరిగొస్తున్న ఒక కుటుంబం, హైవే మీద ఆనందపురం ఇంకా రాలేదు, తెల్లవారుజాము. నా పేషెంటు ముందు సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు, వెనక వాళ్ళ బావ, బెల్టు లేదు, నిద్రపోతున్నాడు. కారు వెళ్ళి ఆగి ఉన్న లారీని గుద్దింది. ముందు మనిషిని బెల్టు పట్టుకుంది, బాగానే పట్టుకుంది, అంతలో డెబ్భై అయిదు కిలోల బావ వెనకనుంచి వచ్చి సీటు మీద పడ్డాడు. బావకి కాలర్ బోన్ విరిగింది, ఆరు వారాల్లో అతుక్కుంది. ఇతనికి మెడలో వెన్నుపాము నలిగిపోయింది, చేతులు సగం ఆడతాయి, కాళ్ళు ఆడవు. చంచా వేళ్ళకి కట్టుకుని తింటాడు, ఆ చంచా పట్టీ నేనే కుట్టించి ఇచ్చాను. బావ ఆ ఇంటికి వస్తాడు, గుమ్మం దాకా వచ్చి ఇంట్లోవాళ్ళతో మాట్లాడి వెళ్ళిపోతాడు, గదిలోకి రాలేడు. ఇందులో ఎవరి ఇష్టం ఎవరి మెడ మీద పడిందో చెప్పు. ఇది ఎక్కడో ఒకచోట జరిగిన సంగతి అనుకోకు, వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే ముందు సీట్లో బెల్టు పెట్టుకున్నవాళ్ళు చనిపోయే ముప్పు దాదాపు అయిదింతలు అవుతుందని జపాన్ ప్రమాదాల లెక్కలు చూసి 2002లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు.

2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ కారు ప్రమాదంలో పోయినప్పుడు, వెనక సీటు, బెల్టు లేదు, నెల రోజులు అందరూ వెనక బెల్టులు వెతుక్కున్నారు, సీటు కవర్ల కింద ఇరుక్కుపోయి దొరకలేదు చాలామందికి. తర్వాత మామూలే. బెల్టు పెట్టకపోతే కూసే అలారం నోరు నొక్కడానికి క్లిప్పులు అమ్ముతున్నారని 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అయిదు ఆన్‌లైన్ కంపెనీల మీద ఉత్తర్వు ఇస్తే 13,118 లిస్టింగులు తీసేయాల్సి వచ్చింది, అంటే కొనేవాళ్ళు ఏ రేంజిలో ఉన్నారో చూడు. బెల్టు పెట్టుకోవడానికి రెండు సెకన్లు, పెట్టుకోకుండా ఉండటానికి డబ్బులిచ్చి కొరియర్ తెప్పించుకుంటున్నాం. ఎయిర్ బ్యాగ్ ఉంది కదా అనేవాళ్ళకి ఒక మాట, ఆ బ్యాగు బెల్టుకి తోడుగా తయారు చేసింది, బెల్టు లేకుండా ముందుకి తూలిన మొహం మీదికి అది పేలితే ఆ దెబ్బ వేరే.

నువ్వు అన్నవాటిలో నిజాలు లేవా, ఉన్నాయి. చలానాల కోసమే కాపు కాసినట్టు ఫ్లైఓవర్ దిగే చోట మలుపు చాటున నిలబడటం నాకూ చిరాకే. నడుస్తున్న బండికి అడ్డంగా ఉరికి హ్యాండిల్ పట్టుకోవడం ఏ చట్టం రక్షించడానికో నాకు అర్థం కాదు, అలా పడ్డవాళ్ళు కూడా ఉంటారు. వెయ్యి రూపాయలు రాసినవాళ్ళు అదే రోడ్డు మీద వీధి లైటు వెలగకపోతే, గుంట పూడకపోతే ఎవరి దగ్గరా వసూలు చేయలేరు. ఇంకోటి, వెనక నుంచి ఫోటో తీసి తల మీద గిన్నె ఉందా లేదా చూస్తారే కానీ గడ్డం కింద స్ట్రాప్ పెట్టారా అని ఎవరూ చూడరు. ఇది చిన్న విషయం కాదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ "రక్షణనిచ్చే" హెల్మెట్ తలకి గట్టిగా బిగించి ఉండాలనే అంటుంది, ఊరికే నెత్తిన బోర్లించుకోమనలేదు. అదే సెక్షన్‌లో తలపాగా కట్టుకున్న సిక్కులకి మినహాయింపు కూడా ఉంది, అంటే మనిషి నమ్మకానికి చట్టం అసలు చోటు ఇవ్వలేదనేం లేదు, మనకి ఉన్నది నమ్మకం కాదు బద్ధకం, దానికి మినహాయింపు ఇవ్వలేదు.

స్ట్రాప్ సంగతి నాకు అనుభవమే. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంటుంది, న్యూరో వార్డులో పనిచేస్తూ కూడా 2009 వరకు నేను హెల్మెట్ మోచేతికి తగిలించుకుని తిరిగి, దూరంగా ఖాకీ బట్టలు కనబడితే నెత్తిన పెట్టుకునే బాపతు. హనుమంతవాక దిగువలో చిన్న జల్లు పడి రోడ్డు నున్నగా ఉంది, ముందు ఆటో ఆగింది, నేను పడ్డాను. ఆ రోజు హెల్మెట్ తల మీదే ఉంది, స్ట్రాప్ వదిలేసి ఉంది. నేను ఎంత దూరం జారానో అంతకి రెట్టింపు దూరం అది దొర్లుకుంటూ వెళ్ళింది, ఎవరో చెరుకురసం బండివాడు తెచ్చి ఇచ్చాడు, "సార్, మీ టోపీ" అన్నాడు. నిజంగానే ఆ రోజుకి అది టోపీయే. కనుబొమ్మ మీద మూడు కుట్లతో బయటపడ్డాను. అందులో నా గొప్ప ఏమీ లేదు.

హెల్మెట్ పెట్టుకుంటే ధైర్యం పెరిగి ఇంకా స్పీడు వెళ్తారు అని కూడా కొందరు అంటుంటారు, కారు భద్రత విషయంలో 1975లో సామ్ పెల్ట్‌జ్‌మన్ అనే ఆర్థికవేత్త ఇలాంటి వాదనే చేశాడు, తెలివైన వాదన. ఒకళ్ళిద్దరి విషయంలో నిజం కావచ్చు కూడా. కానీ బీచ్ రోడ్డులో రాత్రి పదకొండుకి భీమిలి వైపు వందలో వెళ్ళే కుర్రాళ్ళని చూడు, సగం మంది తలలు ఖాళీ, ధైర్యానికి లోటేమీ కనబడదు.

ఉక్కపోత, మెడనొప్పి, జుట్టు ఊడటం అంటావేమో. మన ఊరి మే నెల చెమట నాకు తెలుసు, సిగ్నల్ దగ్గర లోపల ఉడికిపోతుంది, కాదనను. పల్చటి నూలు గుడ్డ కట్టుకుని పైన పెట్టుకో, ఆ గుడ్డ రోజూ ఉతుకు, దురద సగం తగ్గుతుంది. మెడనొప్పితో నా దగ్గరికి వచ్చినవాళ్ళలో హెల్మెట్ సైజు తప్పినవాళ్ళూ, ఫోన్‌లోకి తల వంచి కూర్చునేవాళ్ళే ఎక్కువ. హైవే పక్కన తాడుకి వేలాడదీసి రెండు వందలకి అమ్మే రంగురంగుల గిన్నెలు మాత్రం కొనకు, అవి చలానా నుంచి తప్ప దేన్నుంచీ కాపాడవు. ఐఎస్ 4151 అని (హెల్మెట్ల ప్రమాణం నంబరు అది), ఐఎస్ఐ గుర్తు ఉన్నది చూసి తీసుకో, 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనిది అమ్మడమే నేరం. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనబడినా పక్కన పడేయి, లోపల పొర నలిగిపోతే మళ్ళీ ఉబ్బదు. పిల్లలున్నారో లేదో రాయలేదు, నాలుగేళ్ళు దాటితే వాళ్ళకీ హెల్మెట్ తప్పదు, అంతకంటే చిన్నవాళ్ళయితే హెల్మెట్‌తో పాటు నడిపే మనిషికి కట్టే బెల్టు ఉండాలి, స్పీడు 40 దాటకూడదు అని 2023 ఫిబ్రవరి నుంచి రూలు.

ఇక మీ ఆవిడ విషయం. నువ్వొక్కడివే వెళ్ళి నీ తలకి సరిపోయింది ఇంకొకటి తెచ్చేయకు, ఆవిణ్ణి షాపుకి తీసుకెళ్ళు. ఆడవాళ్ళకి చాలావరకు చిన్న సైజు పడుతుంది, మన దగ్గర భర్తలు తమ పాతది ఇచ్చేసి కొత్తది తాము పెట్టుకుంటారు, ఆ పాతది ఆవిడ తల మీద గుడిగంటలా ఊగుతుంటుంది. క్లచ్చరు తీసేయాలి, కొప్పు పైకి ఉంటే హెల్మెట్ కూర్చోదు, జడ కిందకి వదిలేసుకోవాలి లేదా ముడి మెడ దగ్గరికి దింపుకోవాలి, పూలు పెట్టుకుంటే ముడికి కింద. పెట్టుకున్నాక ఆవిడ తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ తలతో పాటే తిరగాలి, బుగ్గలు కొంచెం నొక్కుకున్నట్టు ఉండాలి, స్ట్రాప్‌కీ గడ్డానికీ మధ్య ఒక వేలు దూరాలి, రెండు దూరితే వదులు. షాపువాడు "అమ్మగారికి బానే ఉందండీ" అంటాడు, వాడి మాట వినకు, ఆవిణ్ణి అడుగు. చలానా మాత్రం కట్టేయి, దాచుకుంటే పెరిగేది తలనొప్పే, లైసెన్స్ సస్పెన్షన్ నోటీసు వస్తే ఆ మూడు నెలలూ బండి ముట్టకు, ఆ టైములో ఏదైనా జరిగితే బీమా వాళ్ళతో పడే గొడవ ఇంకో పెద్ద కథ, దాని మీద విడిగా అడిగితే నాకు తెలిసింది రాస్తాను.